కొండ వచ్చి వెళ్ళిన మధ్యాహ్నం

నందకలి తన లాడ్జికి వచ్చినవాళ్ళకి ఏ లోటూ రానివ్వదు. కొండ ఒక్కటే ఆమె చేతిలో లేదు. మబ్బు కమ్మి అన్నపూర్ణ కనపడని రోజుల్లో, ఇంటికి చుట్టాలొచ్చిన వేళ ఇంటి పెద్ద చెప్పాపెట్టకుండా ఎటో వెళ్ళిపోయినట్టు ఆమెకి తల కొట్టేసినట్టుండేది. వచ్చినవాళ్ళు కిటికీలోంచి తెల్లటి పొగని చూస్తూ కూర్చుంటే, ఆమె వంటింట్లోంచి మరో గిన్నె పట్టుకొచ్చి వాళ్ళ ముందు పెట్టేది.

ఆ ఏడు దశైం, అంటే దసరా పండుగ, దగ్గర పడుతున్నా వాన వదల్లేదు. అలాంటి ఒక సాయంత్రం ఆమె తమ్ముడి కొడుకు సుక్మాన్ ఇద్దరు విదేశీయులని వెంటబెట్టుకుని మోదీ నది మీది మెట్ల దారిన ఎక్కి వచ్చాడు. సుక్మాన్ ఖాట్మండులో స్పానిష్ నేర్చుకుని, ఆ భాషవాళ్ళకి దారి చూపించే పని చేస్తుంటాడు. వచ్చిన ఆవిడ పేరు మైదేర్. బడిపంతులమ్మ, పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. తను నిలువునా తడిసింది కానీ కెమెరా సంచికి మాత్రం రెండు వానకోట్లు కప్పింది. ఆవిడ భర్త జొసేబాది గుండ్రటి ఒళ్ళు, నెత్తిన గుండ్రటి నల్లటోపీ. మేజోళ్ళలోంచి జలగల్ని పీకేసుకుంటూనే ముక్కు ఎగబీల్చి వంటిల్లు ఎటో కనిపెట్టేశాడు.

"స్పెయిన్ నుంచి వచ్చారత్తా," అన్నాడు సుక్మాన్.

ఆ ఒక్క మాటా అర్థమై జొసేబా వేలు అడ్డంగా ఊపాడు. తాము బాస్కులమనీ, తమ భాష వేరు, పాట వేరు, తిండి వేరనీ సుక్మాన్ చేత చెప్పించాడు. నందకలికి అది వింతగా తోచలేదు. నేపాల్లో తామూ గురుంగు తెగవాళ్ళే. దేశానిదొక పేరు, ఇంట్లో మాటొకటి, ఇలాంటివన్నీ ఆమెకి తెలిసినవే.

అందరికీ పెట్టినట్టే ఆ రాత్రి వాళ్ళకీ నూడుల్సు, గుడ్డట్టు పెట్టబోయింది. జొసేబా కంచం వంక చూసి, పొయ్యి మీదున్న నల్లటి మూకుడు వంక చూసి, అదేమిటని అడిగాడు. ఢిండో, అంటే రాగి సంకటి. పక్కన గుంద్రుక్ పులుసు, ఆకుకూరని పులియబెట్టి ఎండబెట్టి కాచేది. ఇంట్లోవాళ్ళం తినేదని చెప్పింది. తనకీ అదే కావాలన్నాడాయన. పెడితే తిని, మళ్ళీ పెట్టమని తిన్నాడు. మర్నాడు పొద్దున్నే వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, కలుపుతానని గరిటె లాక్కున్నాడు. సంకటి బిగుసుకునేసరికి ఆయన మొహం ఎర్రబడింది, గరిటె కదలనంది. మూల కూర్చుని టీ తాగుతున్న నందకలి భర్త పూర్ణసింగ్ అది చూసి చాలా సంతోషించాడు. భారత సైన్యంలో చేసి పింఛను పుచ్చుకుంటున్న ఆ మనిషి పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గరిటె ముట్టుకోలేదు.

మైదేర్ మాత్రం వాకిట్లోనే ఉండేది. కొండ ఉండవలసిన దిక్కుకి కెమెరా పెట్టుకుని, వానలో గొడుగు కింద గంటలు గంటలు నిలబడేది. ఆవిడ పాఠం చెప్పిన గదిలో ఈ కొండ బొమ్మ చాలా ఏళ్ళుగా గోడకి ఉందట. పిల్లలు దాన్ని చూస్తూ పెద్దవాళ్ళయి వెళ్ళిపోయారట. ఉద్యోగం మానాక మొట్టమొదట చెయ్యదలుచుకున్న పని ఇదేనట. సుక్మాన్ ఇదంతా చెబుతుంటే నందకలికి మనసు చివుక్కుమంది. ఆవిడకి నేతిలో వేయించిన ఆలుగడ్డలు పంపించింది. ఆవిడ తిని, దండం పెట్టి, మళ్ళీ పొగలోకే చూసింది.

మధ్యాహ్నం ఊరి ఆడవాళ్ళ సంఘం వచ్చింది. అతిథులకి బంతిపూల దండలు వేసి ఆడి పాడటం వాళ్ళ ఆనవాయితీ. ఈ మధ్య పాడటం మానేసి, ఫోనులో పాట పెట్టి దానికి చిందేసి వెళ్తున్నారు. జొసేబా చివరిదాకా చప్పట్లు కొట్టాడు. అయిపోయాక సుక్మాన్ని పక్కకి పిలిచి, ఈ ఊళ్ళో గొంతు విప్పి పాడేవాళ్ళు ఎవరూ లేరా అని మెల్లిగా అడిగాడు.

సుక్మాన్ మేనత్త వైపు చూపించాడు.

నిజమే, ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో నందకలి పేరు చెబితే మగవాళ్ళు దండు కట్టుకుని వచ్చేవారు. దోహొరీ అంటే పాటల పందెం. ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. ఒకరు ఆశువుగా రెండు పాదాలు విసిరితే అవతలివాళ్ళు అదే వరసలో జవాబు చెప్పాలి. మాట తడుముకున్నవాళ్ళు ఓడినట్టు. పూర్ణసింగ్ సెలవులో వచ్చి, ఆమెతో పందెం కట్టి, తెల్లారేసరికి ఓడిపోయాడు. జాలిపడి చేసుకున్నానని ఆమె అంటుంది. పాటలో ఓడినవాణ్ణి, ఇంక జన్మలో పాడనని ఒట్టు పెట్టుకుని అతను మద్దెలకి పరిమితమయ్యాడు. తర్వాత ఊళ్ళో మగపిల్లలు కొరియాకి, దుబాయికి, జపానుకి వెళ్ళిపోయారు. అవతలి పక్క ఖాళీ అయింది. ఒక్క పక్కే కూర్చుని పాడితే అది దోహొరీ కాదు. నందకలి పాడటం మానాలని మానలేదు. జవాబిచ్చేవాళ్ళు లేకపోయారు, అంతే. ఒక్కోసారి గడ్డి కోస్తుంటే మంచి పాదం ఒకటి తోచేది. ఎవరి మీద విసరాలో తెలియక కొడవలి పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ కోతలో పడేది.

సుక్మాన్ ఇదంతా విడమరిచి చెప్పేసరికి జొసేబా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తమ దగ్గరా ఇదే ఉందన్నాడు. భోజనాలయ్యాక బల్లల దగ్గర లేచి నిలబడి, అప్పటికప్పుడు పాట కట్టి ఒకరినొకరు ఆటపట్టించుకుంటారట. ఆఖరి మాట ముందు ఖాయం చేసుకుని, వెనకనుంచి ముందుకి అల్లుకొస్తారట. నందకలి చేతిలో పని ఆపి ఆయన వంక చూసింది. ఆమె చేసేదీ సరిగ్గా అదే. ఎవరూ నేర్పలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

"రేపు వంట పొద్దున్నే కానిచ్చేస్తాను," అంది సుక్మాన్‌తో. "ఆయన్ని గొంతు దాచుకోమను."

మర్నాడే వాళ్ళకి ఆఖరి రోజు. ఆ తెల్లారి బయల్దేరి, ఆ పైరోజు ఖాట్మండులో విమానం ఎక్కాలి. మబ్బు గుమ్మందాకా దిగి వచ్చింది. మైదేర్ వాకిట్లో చాలాసేపు నిలబడి, ఇక లాభం లేదని లోపలికి వచ్చింది. భర్త పాడే బాస్కు ఆవిడ స్పానిష్‌లో చెబితే, అది సుక్మాన్ నేపాలీలో చెప్పాలి. ఆవిడ లేనిదే పందెం లేదు. వంటింట్లో పొయ్యి చుట్టూ ఆడవాళ్ళు కిక్కిరిశారు. మైదేర్‌కి ధాన్యపు గాదె పక్కన, చిన్న కిటికీకి ఎదురుగా చోటు దొరికింది. పూర్ణసింగ్ మద్దెల ఒళ్ళోకి తీసుకుని పీటెక్కాడు. అతిథి పక్షాన వాయిస్తానని ముందే ప్రకటించాడు.

"ఎవరి పక్షమైనా వాయించు, రాత్రికి అన్నం పెట్టేది నేనే," అంది నందకలి. మొదటి పాట ఆమే ఎత్తుకుంది. చాన్నాళ్ళకి విప్పిన గొంతు మొదట కాస్త బొంగురుపోయి, మద్దెల అందుకోగానే దారిలో పడింది.

*"ఏడు సంద్రాలు దాటొచ్చావు, ఏం చూశావోయ్ బావా?*
*కొండను చూస్తానంటివి, కుండలు చూస్తున్నావా?"*

ఆడవాళ్ళు పల్లవి అందుకున్నారు. మాట సుక్మాన్ నుంచి మైదేర్‌కి, మైదేర్ నుంచి జొసేబాకి చేరేదాకా పూర్ణసింగ్ మద్దెల ఆపలేదు. జొసేబా కళ్ళు మూసుకుని తలాడించి, లేచి నిలబడి, చర్చిలో పాడినంత గంభీరంగా పాడాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ గప్‌చిప్‌గా విన్నారు. మైదేర్ చెప్పింది. సుక్మాన్ గొంతు సవరించుకున్నాడు.

"ఏమంటున్నారంటే, కొండ ఎక్కడికీ పోలేదట. గుంద్రుక్ వాసనకి మన గుమ్మందాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తోందట."

"ఇది పాటా, రేడియో వార్తలా?" అంది ఒకావిడ. "మీ అత్త మేనల్లుడివేనా నువ్వు? వరసలో చెప్పు."

సుక్మాన్‌కి చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టుకుని, జీవితంలో మొదటిసారి గొంతెత్తాడు.

*"కొండెక్కడికీ పోలేదమ్మా, గుమ్మం ముందే నిలుచుంది,*
*గుంద్రుకు వాసన తగిలిందేమో, ముసుగు కప్పుకుని వచ్చింది!"*

వంటిల్లు హోరెత్తిపోయింది. ఆ తర్వాత ఇక ఆపేవాళ్ళు లేరు. నందకలి ఆయన బొజ్జ మీద పాట కట్టింది.

*"కలపగ చెయ్యి నొప్పంటివి, తినగా నోరు నొవ్వదా?*
*మూడో కంచం నింపాను బావా, కొండకు కాస్త మిగలొద్దా?"*

ఆయన ఆమె కోడిపుంజు మీద, పూర్ణసింగ్ మీసాల మీద, జలగల మీద కట్టాడు. జలగలు తన ఒంట్లో ఈ ఊరి రాగి సారా రుచి మరిగాయనీ, దిగమన్నా దిగడం లేదనీ అన్నాడు. ఎప్పుడు వాన ఆగిందో ఎవరూ గమనించలేదు. ఒకచోట మైదేర్ తర్జుమా మధ్యలో మాట మరిచిపోయి ఆగింది. సుక్మాన్ మళ్ళీ అడిగితే సర్దుకుని చెప్పింది. నందకలికి ఒళ్ళంతా తేలికైంది. మాట విసిరితే అవతల ఒకరు పట్టుకుంటున్నారు. పట్టుకుని ఊరుకోకుండా తిరిగి విసురుతున్నారు. ఇన్నాళ్ళూ తనకి కావలసింది ఇంతే కదా అనుకుంది.

అప్పుడు జొసేబా పీట మీది పూర్ణసింగ్‌ని, పొయ్యి ముందు కళ్ళు తుడుచుకుంటున్న ఆమెని మార్చి మార్చి చూసి, చాలా నెమ్మదిగా ఒక పాట పాడాడు. మైదేర్ చెబుతూ చెబుతూ తనే నవ్వేసింది. సుక్మాన్ ఈసారి తడుముకోలేదు.

*"ఓడినవాడు పీటెక్కి హాయిగ మద్దెల కొడతాడు,*
*గెలిచిన నువ్వు పొగలో ఉన్నావ్, చెప్పవె, ఎవడోడాడు?"*

ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పూర్ణసింగ్ నవ్వాపుకోలేక మద్దెల వదిలేశాడు. నందకలి నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. ఆఖరి మాట దొరకలేదు. అది దొరకనిదే ముందు మాట పుట్టదు.

"ఓడిపోయాను," అంది. అంటూనే నవ్వొచ్చి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

సారా గిన్నెలు తిరిగాయి. ఇంతలో మేకల్ని తోలుకురావడానికి వెళ్ళినావిడ తిరిగి వచ్చి, "మీరెవరూ బయటికి రాలేదేం? కొండ మొత్తం ముసుగు తీసేసింది కదా! కిందినుంచి కొనదాకా కడిగినట్టు కనపడింది. ఇందాకే మళ్ళీ మూసుకుంది," అంది.

నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. సుక్మాన్ ఈ మాట ఎలా చెప్పాలో తెలియక నేల చూశాడు. సముద్రాలు దాటి వచ్చిన మనిషిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, దేనికోసం వచ్చిందో అది చూడకుండా చేశాననుకుంది నందకలి. వెళ్ళి మైదేర్ చేతులు రెండూ పట్టుకుంది.

మైదేర్ కిటికీ వైపు గడ్డం ఎత్తి చూపించి, సుక్మాన్‌తో ఏదో అంది. అతను తెల్లబోయాడు.

"ఆవిడ చూశారట. ఆ కిటికీలోంచి."

జొసేబాకి కోపం వచ్చింది. చూసి కూడా చెప్పలేదా అని పెళ్ళాం మీద ఎగిరాడు. ఆవిడ తాపీగా జవాబిచ్చింది. సుక్మాన్ ఒక్కో మాటే పేర్చి చెప్పాడు.

"చెబితే అందరూ లేచి పరిగెత్తేవాళ్ళట. పాట సగంలో తెగిపోయేదట. కొండ బొమ్మ వాళ్ళ బడిలో ఎప్పణ్ణుంచో ఉంది. కానీ వాళ్ళాయన ఒక ఆడమనిషి చేత ఇన్ని మాటలు పడటం ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదట. అది వదులుకుని ఫొటోలు తీసుకోవడానికి ఆవిడకేమన్నా పిచ్చా అంటున్నారు."

ముందు పూర్ణసింగ్ నవ్వాడు. తర్వాత జొసేబా కూడా. మైదేర్ నందకలి చేతులు వదల్లేదు. కొండ ఎలా ఉందని నందకలి సైగతో అడిగితే, ఆవిడ వేళ్ళన్నీ దగ్గరికి చేర్చి పెదవులకి తాకించుకుని, ముద్దుని గాలిలోకి వదిలింది. నందకలికి అది తర్జుమా లేకుండానే అర్థమైంది.

పొద్దున్న వాళ్ళు బయల్దేరేసరికి మళ్ళీ ముసురు. నందకలి ఎండు గుంద్రుక్ మూట కట్టిచ్చింది. జొసేబా తన నల్లటోపీ తీసి పూర్ణసింగ్ నెత్తిన పెట్టాడు. ముగ్గురూ మెట్లు దిగి మబ్బులో కలిసిపోయారు. నందకలి గేదెకి కుడితి పెట్టడానికి వెళ్ళింది. తొట్టి దగ్గర వంగిన మనిషి వంగినట్టే ఆగిపోయి, కుడితి బకెట్టు అక్కడే వదిలేసి వాకిలి చివరికి పరిగెత్తింది. లోయలోకి గొంతెత్తి పాడింది.

*"మద్దెల కొట్టే చేతికి ముద్దలు పెట్టేదెవరో చెప్పయ్యా,*
*గరిటె నాది, గాదె నాది, గెలుపు ఎవరిదో చెప్పయ్యా!"*

కింద ఎక్కడో మాటలు ఆగాయి. సుక్మాన్ గొంతు, తర్వాత మైదేర్ గొంతు వినిపించాయి. ఆపైన మబ్బు అడుగునుంచి చర్చిలో పాడినంత గంభీరంగా జవాబు వచ్చింది. తిరిగి చెప్పేవాళ్ళెవరూ ఇప్పుడు ఆమె పక్కన లేరు. చెయ్యి చెవికి ఆనించి ఆఖరి మాటదాకా విని, తలాడించింది.

పూర్ణసింగ్ కొత్త టోపీతో వచ్చి వెనక నిలబడ్డాడు. "ఏమంటున్నాడు?"

"ఓడిపోయానంటున్నాడు."

"వాళ్ళ భాష నీకెప్పుడొచ్చింది ముసలీ?"

"నిన్న కూర్చోబెట్టి నేర్పాడులే. ఇవాళ సంకటి నిన్ను కలపమన్నాడు."

పూర్ణసింగ్ లోయలోకి చూశాడు, ఆమె మొహంలోకి చూశాడు. ఆ మధ్యాహ్నం గరిటె పట్టాడు. సంకటి ఉండలు కట్టింది. అతను కలుపుతున్నంతసేపూ నందకలి పీటెక్కి కూర్చుని, రాని చేత్తో మద్దెల వాయించింది.