నేల చూసే మనిషి

మాప్ కర్ర పట్టుకున్న మనిషి బంతిని చూడకూడదు. మా బాస్కెట్‌బాల్ హాల్లో నాకు మొదటిరోజు చెప్పిన నియమం అదొక్కటే. బంతిని చూడటానికి నాలుగు వేలమంది టిక్కెట్టు కొనుక్కుని వస్తారు. నేలను చూడటానికి మేమిద్దరమే. ఈవైపు బాస్కెట్ కింద పీట మీద నేను, ఆవైపు డెస్మండ్. అతను రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు, నేను బడి క్యాంటీన్‌లో శాండ్‌విచ్‌లు చేస్తాను. ఆటగాడు పడినా, చెమట కారినా, ఆట అవతలి కొసకు వెళ్లగానే పరిగెత్తి తుడిచి వచ్చి కూర్చోవాలి. జీతం లేదు. ఏడాదికో ఎర్ర టీషర్టు, ఆటకో సాసేజ్ రొట్టె.

పందొమ్మిదేళ్లుగా స్టింగర్స్ అభిమానినని అందరికీ చెప్పుకుంటున్నాను గానీ, నేను చూసిందంతా బూట్లే. ఎవరు అలిసిపోయారో, ఎవరు భయపడుతున్నారో బూట్ల చప్పుడును బట్టి చెప్పగలను. స్కోరు మాత్రం పక్కవాళ్లను అడగాల్సిందే.

మా ఊరు టౌన్స్‌విల్‌లో సీజన్ మొదలయ్యేది వానలకు ముందు ఉక్కపోతలో. సముద్రంలోకి కాటేసే జెల్లీ చేపలు వచ్చే రోజులు కూడా అవే, మా జట్టు పేరు వాటిదే. వాటికున్న కాటు ఈ ఏడు మా వాళ్లకు లేదు. పెర్త్ చేతిలో ఓడారు. సిడ్నీ చేతిలో ఓడారు. ఆక్లాండ్ వెళ్లి ఓడారు, ఇంటికొచ్చి బ్రిస్బేన్ చేతిలో మళ్లీ ఓడారు.

"నెరీడా, మనం తుడుస్తున్నది చెమట కాదమ్మా, పరువు," అన్నాడు డెస్మండ్ అయిదో ఆట రోజు బకెట్‌లో గుడ్డ పిండుతూ.

"ఉంటే కదా తుడవడానికి!"

"అదీ నిజమే. ఊరికే నీళ్లు దండగ."

మాకున్న ఒకే ఒక్క ఆశ కెప్టెన్ ఇలై నోనా. టారెస్ జలసంధి దీవుల వాడు, పదిహేడేళ్ల వయసులో ఒక సంచీతో వచ్చి పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే ఆడుతున్నాడు. ఇదే చివరి సీజన్ అని ముందే చెప్పేశాడు. మొదటి ఆట నుంచీ అతని చెమట తుడిచింది నేనే. పడి లేచిన ప్రతిసారీ "థాంక్స్ ఆంటీ" అనేవాడు. నేను తల ఎత్తేదాన్ని కాదు. పనిలో ఉన్నదాన్ని, తల ఎత్తితే ఎలా?

ఆ అయిదో ఆటలో ప్రత్యర్థి అడిలైడ్. చివరి రెండు నిమిషాల్లో మా వాళ్లు రెండు పాయింట్లు వెనక ఉన్నారు. నా బాస్కెట్ కింద ఎవడో గుద్దితే ఇలై వెల్లకిలా పడ్డాడు, రిఫరీ విజిల్ వేయలేదు, లేచి బంతి వెనక పరిగెత్తాడు. అతని వీపు ఆకారంలో నేల మీద తడి మిగిలింది. నేను చూశాను. మాప్ చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడు హాలు మొత్తం ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దం నాకు తెలియనిది. నేను తల ఎత్తాను. అవతలి కొసన ఇలై మూడు పాయింట్ల గీత అవతల గాల్లోకి లేచి ఉన్నాడు. బంతి చేతి నుంచి విడిచి, వంపు తిరిగి, రింగుకు తగలకుండా వలలోకి జారింది. ఈ సీజన్‌లో మేం ఆఖరి నిమిషాల్లో ముందుకు రావడం అదే మొదటిసారి. నేను లేచి నిలబడ్డాను. మాప్ కింద పడింది. రెండు చేతులతో చప్పట్లు కొట్టాను. చాలా సంతోషం వేసింది. అది చెప్పకుండా దాచుకుని లాభం లేదు, నాకు చాలా సంతోషం వేసింది.

ఆ తడి తుడవడానికి నాలుగు సెకన్లు చాలు.

బంతి మా వైపుకు వచ్చింది. ఇలై అడ్డుకోవడానికి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వచ్చి తన చెమట మీద తనే కాలు పెట్టాడు. మోకాలు పక్కకు తిరిగింది. ఆ చప్పుడు నేను విన్నాను, బూట్లది కాదు.

అప్పుడు పరిగెత్తాను. డాక్టరు అతని కాలు పట్టుకుని ఉంటే, నేను పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఆ తడిని ఆరిపోయేదాకా తుడిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆట ఓడిపోయాం. ఎంత తేడాతోనో నేను అడగలేదు.

మోకాలి లోపల స్నాయువు తెగిందన్నారు. తొమ్మిది నెలలన్నారు. ముప్పై అయిదేళ్ల వాడికి తొమ్మిది నెలలంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

నాకు ఏడుపు రాలేదు. మర్నాడు బడికి వెళ్లి నూట ఇరవై శాండ్‌విచ్‌లు చేశాను. ఒక్కటీ తప్పు పోలేదు. ఇంటికొచ్చి ఆ ఆట వీడియో పెట్టుకున్నాను. ఊరంతా ఆ వీడియో చూసింది, అందరూ మోకాలినే చూశారు. నేను ఎడమ మూల చూశాను. అక్కడొక ఎర్ర టీషర్టు నిలబడి చప్పట్లు కొడుతోంది. ఆ తర్వాత కామెంటేటర్ అంటున్నాడు: "చూడండి, ఆవిడ ఎంత శ్రద్ధగా తుడుస్తోందో! ఇలాంటివాళ్లే క్లబ్బుకు ప్రాణం." ఆ మాట దగ్గర ఆపి మళ్లీ మొదటి నుంచి పెట్టేదాన్ని. ఎన్నిసార్లు చూసినా నాలో ఏదీ కదల్లేదు. మొద్దుబారిన పంటిని నాలుకతో తడుముకున్నట్టు ఉండేది, అంతే.

గోరుచుట్టు మీద రోకటిపోటు. నవంబరులో క్లబ్బు వాళ్లు హాలు బయట మాంసం కాల్చుకునే విందు పెట్టి, ఈ నెల ఉత్తమ వాలంటీరు నెరీడా అని మైకులో ప్రకటించారు. బహుమతి ఎప్పటిలాగే కసాయి దుకాణం వాడిచ్చే మాంసం పళ్లెం. ఇచ్చేది కెప్టెన్. ఇలై చంకల్లో కర్రలతో నిలబడి, ప్లాస్టిక్ కాగితం చుట్టిన ఆ పళ్లేన్ని నా వైపు చాచాడు.

"తీసుకో ఆంటీ, బరువుగా ఉంది. రెండు కర్రలతో దీన్ని కూడా మోయలేను," అని నవ్వాడు.

"ఇలై, ఆ తడి నేను తుడవలేదు."

"ఏ తడి?"

"నువ్వు జారిన తడి. నేను చూశాను. తుడవకుండా నిలబడి చప్పట్లు కొట్టాను. నువ్వు వేసిన మూడు పాయింట్లకే."

అతని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, నెమ్మదిగా పోయింది. ఫొటోగ్రాఫరు "ఇటు చూడండి, ఇటు!" అంటున్నాడు.

"ఈ మాట నాకెందుకు చెప్పావ్?" అన్నాడు గొంతు తగ్గించి. "ఇన్నాళ్లూ బూట్లను తిట్టుకున్నా, దేవుణ్ణి తిట్టుకున్నా. వాళ్లయితే నాకు రోజూ ఎదురుపడరు, నువ్వు పడతావ్."

పళ్లెం నా చేతుల్లో పెట్టి, కర్రలు వేసుకుంటూ వెళ్లిపోయాడు. ఫొటోలో నేనొక్కదాన్నే ఉన్నాను.

డెస్మండ్‌కి జరిగింది చెప్పి పళ్లెం ఇచ్చేశాను. అతను పళ్లెం మీద ప్లాస్టిక్ కాగితం సర్ది పక్కన పెట్టాడు. "మానేస్తావా?" అన్నాడు.

"మానేస్తే ఆ నేల ఎవరు చూస్తారు?"

"అదీ నిజమే," అన్నాడు. ఈసారి వేళాకోళం చేయలేదు.

మా హాల్లో తర్వాతి ఆట కెయిర్న్స్‌తో. అప్పటికి ఎనిమిది ఆడి ఎనిమిదీ ఓడాం. నేను వెళ్లేసరికి నా పీట పక్కన ఒక కుర్చీ వేసి ఉంది. ఎవరికని అడిగితే కెప్టెన్ అడిగి వేయించుకున్నాడన్నారు. జట్టుతోపాటు బెంచీ మీద కూర్చోవాల్సిన మనిషి కుంటుకుంటూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కాలు ముందుకు చాపాడు. నన్ను పలకరించలేదు.

మొదటి క్వార్టర్‌లో ఒకసారి, "ఎడమ," అన్నాడు. చూస్తే గీత పక్కన రెండు చుక్కలు. తుడిచి వచ్చాను. రెండో దాంట్లో, "వెనక." మూడో దాంట్లో ఏమీ అనలేదు, కర్ర చివరతో చూపించాడు. ఆట అంతా మా ఇద్దరి మధ్య మాటలు అంతే. ఒక్కసారి కూడా అతను బంతి వైపు చూడలేదు. ఆ సంగతి నాకు నాలుగో క్వార్టర్‌లో గాని తట్టలేదు.

"నువ్వు ఆట చూడవేం?" అన్నాను.

"నేల నేను చూస్తాలే. నువ్వు చూడు."

"వద్దు."

"పందొమ్మిదేళ్లు చూసింది చాల్లే. తల ఎత్తు ఆంటీ, మనవాళ్లు గెలుస్తున్నారు."

చెయ్యి చాపి నా మాప్ కర్ర లాక్కున్నాడు. తన రెండు కర్రల పక్కన దాన్ని కూడా మోకాలికి ఆనించుకుని, కళ్లు నేల మీదే ఉంచాడు. చేతులు ఖాళీ అయ్యేసరికి వాటినేం చేయాలో నాకు తెలియలేదు. తల ఎత్తాను. గడియారంలో తొమ్మిది సెకన్లున్నాయి, మా వాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు. కెయిర్న్స్ వాడు వేసిన బంతి రింగుకు తగిలి బయటపడింది. హారన్ మోగింది. నాలుగు వేలమంది లేచారు. ఈ సీజన్‌లో మా మొదటి గెలుపు, కళ్లారా చూశాను.

"చప్పట్లు కొట్టు," అన్నాడు ఇలై తల ఎత్తకుండానే. "ఇప్పుడెవరూ పడరు."

రెండుసార్లు కొట్టాను. ఆ హోరులో నా చప్పుడు నాకే వినపడలేదు. తర్వాత మాప్ తిరిగి ఇమ్మని అడిగి తీసుకున్నాను.