గడ్డం పెంచిన నెల

గడ్డం పెంచే మగవాడికి కూడా రోజూ కత్తెర పని ఉంటుందని ఈ కార్తీకంలోనే తెలిసింది. మల్లేష్ అద్దం ముందు నిలబడి అంచులు సరిచేసుకుని వెళ్లిపోతాడు. సింకుకు అంటుకున్న వెంట్రుకలను తడిగుడ్డతో తుడిచేది నేను. తుడిచి, చేతులు కడుక్కుని, బియ్యం కడుగుతాను.

మల్లేష్ నా భర్త. జడ్చర్లలో ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆడపిల్లల కబడ్డీ జట్టుకు కోచ్. నేనూ అదే బడిలో తెలుగు చెబుతాను. ఆ జట్టులోనే మా అమ్మాయి అనూహ్య ఆడేది. పోయిన వేసవిలో, రాష్ట్ర శిబిరానికి బయలుదేరాల్సిన రోజు పొద్దున, అనూహ్య తన ప్రాణం తానే తీసుకుంది. ఈ వాక్యాన్ని ఇంట్లో ఎవరూ పూర్తిగా అనరు. "అట్లయింది" అంటారు, అంతే.

ఆటగాళ్ల మనసులోని బాధ జనానికి తెలియాలని విదేశాల్లో మగవాళ్లు ఒక నెల గడ్డం పెంచుతారట. పీఈటీల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. మల్లేష్ మొదలుపెట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. నెలాఖరున మైదానంలో సభ. వేదిక వెనక కట్టడానికి అనూహ్య ఫొటో పెద్దదిగా వేయించారు. "సార్ ఇంత చేస్తున్నారు, మీరు కూడా కాస్త సహకరించాలి మేడం," అని హెడ్మాస్టర్ ఉప్మా, టీ ఏర్పాట్లు నాకు అప్పగించాడు. తల ఊపి తరగతికి వెళ్లాను. తుడిచిన బోర్డునే మళ్లీ తుడుస్తున్నానని పిల్లలు నవ్వితే గాని తెలియలేదు.

మా అత్త నర్సింగమ్మకు ఈ సభ సంగతి ఎక్కలేదు. గడ్డమంటే ఆమెకు మొక్కే. "నా కొడుకు కురుమూర్తి సామికి మొక్కిండు, జాతరల ఇచ్చొస్తడు," అని వాడకట్టంతా చెప్పింది. మొక్కు మీదున్నవాడికి నీసు తగలకూడదని వేరే పొయ్యి, వేరే గిన్నెలు పెట్టించింది. వాటిని తోమేది కూడా నేనే. ఆయన బయట ఆమ్లెట్ తినొచ్చి మూతి తుడుచుకుంటాడు. మొక్కు కాదని తల్లికి ఒక్కసారీ చెప్పలేదు. పక్కింటి శ్యామలమ్మ అరటిపండ్లు తెచ్చి, "బిడ్డ కోసం ఎట్ల పాణం కొట్టుకుంటున్నడో సూడుండ్రి, గసొంటి తండ్రి దొరుకుతడా!" అంది. పోతూ పోతూ నా వైపు తిరిగి, "నువ్వు జర తల దువ్వుకో పిల్లా, ఇల్లు కళ తప్పింది," అంది.

అనూహ్యకు పై పెదవి మీద, గదవ కింద వెంట్రుకలు ఎక్కువ. పాలమూరులో ఒక మ్యాచ్‌లో అవతలి జట్టు పిల్లలు గీత దగ్గరికి వచ్చి, "ఏం తమ్మీ, షేవింగ్ మర్చినవా?" అన్నారట. ఇంటికొచ్చి ఏడ్చింది. "గంత దానికే ఏడుస్తరా? గీకేస్కో, ఖతం. గీత లోపలికొస్తే నువ్వు ఆడిపిల్లవు గాదు, రైడర్‌వి," అన్నాడు వాళ్ల నాన్న. అప్పటి నుంచి ప్రతి మ్యాచ్‌కు ముందు లోపల గడియ వేసుకునేది. గదవ మీద ఎర్రని గాట్లతో బయటికొచ్చేది. శిబిరానికి ముందు రోజు, నేను అన్నం వడ్డిస్తుంటే, కంచం ముందు కూర్చుని, "నాతోని గాదు బాపూ. ఈసారి నేను పోను," అంది. ఆయన నవ్వి పప్పు వేసుకున్నాడు.

ఆయన ఉపన్యాసాలు పెళ్లయినప్పటి నుంచి నేనే రాస్తాను. "తెలుగు టీచరువు, నీకెంత సేపు పని!" అంటాడు. సభకు ముందు రోజు, ఆదివారం పొద్దున, కాగితం నా ముందు పెట్టి, "గిట్ల రాయి. మా బిడ్డ లోపల ఏమున్నదో ఒక్క మాట గూడ మాతోని చెప్పలే. జనం కండ్లల్ల నీళ్లు తిరగాలె," అన్నాడు. "మా బిడ్డ" వరకు రాశాను. పెన్ను పక్కన పెట్టాను.

అప్పుడే గేటు చప్పుడైంది. ప్రవళిక వచ్చింది. అనూహ్య స్థానంలోకి తీసుకున్న పిల్ల, పదో తరగతి.

"సార్, నిద్ర పడ్తలేదు. ఛాతిల ఒకటే దడ. నేను నల్లగొండ టోర్నమెంటుకు రాను సార్."

మల్లేష్ వరండాలో గడ్డానికి నూనె రాసుకుంటున్నాడు. "మ్యాచ్ ముందల నిద్ర ఎవలికి పడ్తది? పో, సామాను సదురుకో. గీత లోపలికొస్తే నువ్వు ఆడిపిల్లవు గాదు, రైడర్‌వి."

అదే మాట. అదే నవ్వు కూడా. నేను లేచి బయటికి వెళ్లాను.

"లోపలికి రా బిడ్డా. నువ్వు నల్లగొండ పోతలేవు. మీ అమ్మతోని నేను మాట్లాడుత. దవాఖానకు నేను తోల్కపోత."

"నడుమ నువ్వేంది?" అన్నాడు మల్లేష్.

"మొక్కు మీదున్నోనికి ఎదురు మాట్లాడకే!" లోపలి నుంచి మా అత్త.

ప్రవళిక మా ఇద్దరి వంకా చూసి, మెల్లగా చెప్పులు విడిచి గడప దాటింది. మల్లేష్ గొంతు తగ్గించాడు. "రేపు పొద్దుగాల సభ ఉన్నది. నా ఇజ్జత్ తీస్తవా? ఏది, రాసిన కాగితమేది?"

"చెప్పలేదని నేను రాయ. రేపు మైకు కాడికి నేనొస్తున్న. అనూహ్య చెప్పింది. మనిద్దరం విన్నం."