కోడలు అడగని మాట

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళు ఒక సామెతలో చెప్పారు. నలుగురిలో ఉన్నాం కాబట్టి పూర్తిగా చెప్పను, మీకు తెలిసిందే. ఆ సామెత అన్నవాళ్ళకి ఒక్క సంగతి మాత్రం తెలియదు. మొహమాటం ఒక్కోసారి మన ప్రాణం మీదికి కాదు, ఎదుటివాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది.

ఈ కోడలు పళ్ళ డాక్టరు. అరవై దాటినవాళ్ళ నోళ్ళు ఎలా ఉన్నాయో పేటపేటకీ వెళ్ళి చూసే పరిశోధనలో పని. ప్రభుత్వాసుపత్రుల్లో గుండెకి గది ఉంది, కంటికి గది ఉంది, పంటికి మాత్రం ఒక్క కుర్చీ లేదు. ఎంతమంది నోళ్ళలో పుండ్లు దాక్కున్నాయో తేల్చి చూపిస్తే తప్ప ఆ కుర్చీ రాదు. ఈ పరిశోధన నడిపించేది ఒక పెద్ద డాక్టరు, నోటి కేన్సర్లు కోసీ కోసీ జుట్టు నెరిసిన మనిషి. ఆయన పెట్టిన నియమాల్లో మొదటిది ఇది: కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళు రాజైనా బంటైనా సరే, ముందు పళ్ళు తీసి గిన్నెలో పెట్టాలి, ఆ తర్వాతే నోరు చూడాలి. పళ్ళసెట్టు కింద ఏముందో పైనుంచి కనపడదు మరి!

ఇక మామగారు. ఆయన ఉద్యోగమంతా రేడియోలో వార్తలు చదివారు. ఇప్పటికీ దుకాణంలో "అరకిలో ఉల్లిపాయలు" అంటే చాలు, పక్కవాళ్ళు తల తిప్పి చూస్తారు. అదీ ఆ గొంతు! పళ్ళన్నీ ఊడి సెట్టు పెట్టించుకుని చాలాకాలమైంది గానీ, ఆయన బోసినోరు చూసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. బాత్రూము గడియ వేసుకుని కడుక్కుంటారు, పెట్టుకునే బయటికి వస్తారు, పెట్టుకునే పడుకుంటారు. "ఈయన పళ్ళు ఊడాయన్న సంగతి నాకు డాక్టరు చెబితేనే తెలిసింది" అని అత్తగారు ఎగతాళి చేస్తుంది.

నోళ్ళు చూసే శిబిరం ఈసారి తమ పేటలోని హాలులోనే పెట్టారు. మొదటిరోజంతా ఈగలు తోలుకోవడమే సరిపోయింది. నోరు చూపించుకోవాలంటే పెద్దవాళ్ళకి అంత సిగ్గు. కోడలు దిగాలుగా ఇంటికొస్తే మామగారు చూసి, "రేపు చూడు తల్లీ" అన్నారు. మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పార్కులో తనతో నడిచే జట్టునంతా వెంటేసుకుని వచ్చేశారు. ఒక రిటైర్డు జడ్జి, ఒక హెడ్మాస్టరు, ఒకప్పటి బస్సు డ్రైవరు, ఇంకా ఒకరిద్దరు. అందరివీ కట్టుడు పళ్ళే. వాళ్ళంతా ఎదురుగా బెంచీ మీద సర్దుకుని, వినోదం చూడ్డానికొచ్చినట్టు కూర్చున్నారు. మామగారు "ముందు నేను" అని కుర్చీలో కూర్చుని నోరు తెరిచారు.

రాతపని చూసే నర్సక్క అలవాటుగా గిన్నె అందించింది. మామగారు గిన్నెకేసి చూశారు. తర్వాత కోడలికేసి చూశారు.

కట్టుకున్న భార్యకే చూపించని నోరాయె. ఇంతమంది ముందు కోడలు నోరు విప్పి పళ్ళు తీయమనడమా? కోడలు నర్సక్కకి కళ్ళతోనే సైగ చేసింది. గిన్నె పక్కకి పోయింది. టార్చి వేసి పైపైన చూసింది. ఎడమవైపు కింద, సెట్టు అంచున తెల్లగా ఏదో కనపడ్డట్టే ఉంది. సెట్టు అంచేలే అనుకుంది. "పుండ్లేం లేవు, చిగుళ్ళు బాగున్నాయి" అని అందరికీ వినపడేలా చెప్పింది. నర్సక్క రాసుకుంది.

తర్వాత జడ్జిగారు. మామగారిని అడగనిది జడ్జిగారిని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? జడ్జిగారిని వదిలాక హెడ్మాస్టరు ఏం పాపం చేశాడు? ఆ బెంచీ బెంచీ అంతా అలాగే దాటిపోయింది. మధ్యాహ్నం నుంచి వచ్చినవాళ్ళకి మాత్రం గిన్నె మళ్ళీ బయటికొచ్చింది. వాళ్ళెవరూ చుట్టాలు కారు కదా! అంత చదువు చదివి ఇదీ నిర్వాకం.

అప్పటినుంచి మూడు నెలలు గడిచాయి. పొద్దున పూట మామగారు టేబులు దగ్గర కూర్చుని పేపరు పైకి చదవడం ఆ ఇంట్లో అలవాటు. వినేవాళ్ళు ఉన్నా లేకపోయినా చదువుతారు. ఆ రోజు ఒక పెద్ద వార్త సగంలో ఆగిపోయారు. ఎడమ దవడ మీద చెయ్యి పెట్టుకున్నారు. పేపరు మడిచేసి, "ఇవాళ వార్తలేం లేవు" అని లేచి వెళ్ళిపోయారు.

కొడుకు ఫక్కున నవ్వాడు. "నాన్న నోట ఈ మాట వినాల్సొస్తుందనుకోలేదు!"

కోడలు నవ్వలేదు. మామగారి పళ్ళెంలో రొట్టె పాలల్లో నాని ముద్దయి ఉంది. అత్తగారు ఆ పళ్ళెం తీస్తూ గొణిగింది. "రెణ్ణెల్లు దాటింది, గట్టిది ఏదీ తినడం లేదు. ఎడమపక్క అసలు నమలడు. ఏమైందని అడిగితే నా మీదే ఎగురుతాడు. నీకు చెబుదామంటే, 'అమ్మాయి చూసి బాగుందంది కదా, మళ్ళీ దాన్ని కంగారు పెట్టకు' అంటాడు."

సెట్టు అంచున చూసిన ఆ తెలుపు కోడలి కళ్ళముందు మెదిలింది. రెండువారాల్లో మానని పుండుని వదలకూడదని తనే ఊరందరికీ చెబుతుంది. అది అప్పుడే ఉండి ఉంటే? మూడు నెలలు! కేన్సరే అయితే ఈ మూడు నెలల్లో ఎంతదూరం పాకి ఉంటుంది?

"ఏమండీ, మీరొకసారి మామయ్యని పళ్ళు తీయమనండి" అంది మొగుడితో.

"నేనా? నన్ను కొడతాడు. పళ్ళ డాక్టరువి నువ్వు, అడగాల్సింది నువ్వు" అన్నాడు ఆ మహానుభావుడు. మొగుళ్ళు సాధారణంగా తప్పుకోడానికే మాట్లాడతారు గానీ, ఈసారి పాపం నిజమే అన్నాడు.

గదిలో మామగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కోడలు టార్చి పట్టుకుని వెళ్ళింది. చేతికి తొడుగులు వేసుకుంది.

"మామయ్యా, ఒకసారి నోరు చూస్తాను."

"చూశావుగా."

"సెట్టు తీసి చూడాలి."

ఆయన ఇటు తిరిగారు. మొహం కందగడ్డలా అయింది. "అందరి ముందూ బాగుందని నువ్వే చెప్పావు. జడ్జి విన్నాడు, హెడ్మాస్టరు విన్నాడు. ఇప్పుడు బాగాలేదంటే నీ చదువుకే అప్రతిష్ఠ. వెళ్ళి నీ పని చూసుకో."

చూశారా! తను చెప్పిన మాటే తనకి అడ్డంగా గోడై నిలబడింది. కోడలు వెళ్ళలేదు. అత్తగారు గుమ్మం దగ్గరికి వచ్చింది, వెనకాలే కొడుకు.

"నేను చూడలేదు మామయ్యా" అంది కోడలు. "చూడకుండానే బాగుందని చెప్పాను. మీరు నొచ్చుకుంటారని అడగలేదు. అబద్ధం చెప్పాను."

ఆయన ఆమెని కింది నుంచి పైదాకా చూశారు.

"చూడకుండా చెప్పావా?"

"అవును."

"మరిప్పుడు నొచ్చుకోనా?"

"నొచ్చుకోండి. తిట్టండి. ఇంట్లోంచి పొమ్మనండి, పోతాను. కానీ ముందు పళ్ళు తీయండి." చివరి మాట బతిమాలినట్టు రాలేదు. హాలులో ముక్కూమొహం తెలియనివాళ్ళతో అనే గొంతుతోనే వచ్చింది. అత్తగారు "ఏమిటే ఆ మాట!" అంటూ చేత్తో నోరు మూసుకుంది.

మామగారు తలుపు వేయమని చేత్తో సైగ చేశారు. కొడుకు బయటికి నడిచాడు. అత్తగారు కదలబోతే, "నువ్వుండు" అన్నారు. కట్టుడు పళ్ళతో ఆయన అన్న చివరి మాట అదే. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని సెట్టు తీశారు. చేతులు దించేసరికి బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముందుకొచ్చి, ఎవరో తెలియని ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. అత్తగారు చూడలేక కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

కోడలు టార్చి వేసింది. ఎడమవైపు కింది చిగురు మీద పుండు, అంచులు పైకి లేచి ఉన్నాయి. వేలితో నొక్కి చూసింది. కింద గట్టిగా, మెటికలా తగిలింది. మెత్తగా ఉంటే సెట్టు ఒరిపిడి అనుకుని బతికిపోయేది. దేవుడా, మెత్తగా లేదు.

"ఇప్పుడే పెద్ద డాక్టరు దగ్గరికి వెళదాం" అంది. "మళ్ళీ సెట్టు పెట్టుకోకండి."

మెట్లు దిగేటప్పుడు ఆయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. కింద ఇంటివాళ్ళు పలకరిస్తే తల ఊపారే గానీ నోరు విప్పలేదు.

పెద్ద డాక్టరు వేలితో తడిమి చూసి, ఏం అనకుండా పక్కగదిలోకి తీసుకెళ్ళి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపించాడు. చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ఈయన మన శిబిరానికి వచ్చారన్నావు కదమ్మా. అప్పుడు లేదా ఇది?"

కోడలు నోరు తెరిచే లోపే మామగారు రుమాలు తీశారు. దూది ఉన్న నోటితో, జారిపోయే మాటలతో, "నేనే తీయనన్నాను డాక్టరుగారూ. అమ్మాయి ఎంత బతిమాలినా వినలేదు" అన్నారు.

పెద్ద డాక్టరు కోడలి వైపు చూశాడు. ఒప్పుకోవచ్చు. పెద్దాయన చేతులారా అందించిన దారి, అందులోంచి నడిచి బయటపడవచ్చు. ఉద్యోగం నిలబడుతుంది, పేరు నిలబడుతుంది.

"లేదు సార్. నేను అడగలేదు" అంది. "ఈయనొక్కరినే కాదు. వెంట వచ్చిన వాళ్ళెవరినీ అడగలేదు. అందరికీ కట్టుడు పళ్ళే. అందరికీ బాగుందనే రాయించాను."

పెద్ద డాక్టరు మొహం చిట్లించాడు. "ఏమ్మా, నేను మీకు నేర్పిన మొదటి పాఠం ఏమిటి?" అన్నాడు. ఇంకేం అనలేదు, అనక్కర్లేదు కూడా. "తిట్లు తర్వాత. ముందు వాళ్ళందర్నీ రప్పించు. మళ్ళీ చూడు, ఈసారి నీ పక్కన నేనుంటాను."

రప్పించడం మాటలా! బాగుందని చెప్పి పంపించినవాళ్ళు కోడలు పిలిస్తే వస్తారా? వరండాలో ఆమె ఫోను పట్టుకుని తటపటాయిస్తుంటే మామగారు లాక్కున్నారు. జడ్జిగారికి కలిపారు.

"నేనే" అన్నారు.

"ఎవరండీ?" అవతలి గొంతు బయటికి వినపడుతోంది.

"నేనేరా!"

"రాంగ్ నంబరండీ" అని జడ్జిగారు పెట్టేశారు.

మామగారు ఫోను వైపే చూస్తూ ఉండిపోయారు. కోడలికి దుఃఖం పొంగుకొచ్చింది. ఊరు ఊరంతా గుర్తుపట్టే గొంతు! "నేను మాట్లాడతాను, ఇటివ్వండి" అంది. ఆయన ఇవ్వలేదు. మళ్ళీ కలిపారు. ఈసారి తన పేరు, ఇంటిపేరు, కలిసి నడిచే పార్కు గేటు దగ్గర ఆగే చోటు, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పి నమ్మించారు. "నాకు నోట్లో పుండు తేలింది. నువ్వూ పళ్ళు తీసి చూపించుకో. సిగ్గుపడకు" అన్నారు. అదే మాట అందరికీ చెప్పారు. ఒక్కొక్కరి దగ్గరా "ఎవరండీ" అనిపించుకుని మరీ చెప్పారు.

వాళ్ళంతా వచ్చారు. గిన్నె నిండా పళ్ళసెట్లు. డ్రైవరుగారికి సెట్టు ఒరుసుకుని ఎర్రబడింది, సరిచేస్తే మానేదే. మిగిలిన వాళ్ళకేం లేదు. కోడలు ప్రతి నోటి దగ్గరా ఊపిరి బిగబట్టి, చివరి నోరు చూశాక గోడకి చేరగిలబడింది.

మామగారి ముక్క మాత్రం చెడ్డకబురే తెచ్చింది. కేన్సరే. పెద్ద డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇంకా మెడలోకి పాకలేదు, బతుకుతారు. కానీ చిగురుతో పోదు, కింది దవడ ఎముకలో ఒక చెక్క తీసేయాలి. ఆ పక్క మళ్ళీ సెట్టు నిలుస్తుందన్న నమ్మకం లేదు. మాట కొంచెం తేడా వస్తుంది. శిబిరం రోజునే పట్టుకుని ఉంటే పైపైన కోస్తే సరిపోయేదేమో. చివరి మాట చెప్పేటప్పుడు ఆయన కోడలి వైపు చూడలేదు.

బయట బెంచీ మీద మామాకోడళ్ళు ఇద్దరే కూర్చున్నారు. అత్తగారు, కొడుకు ఆపరేషను ఏర్పాట్లకని కిందికి వెళ్ళారు. ఎదురుగా ఎవరో మూలుగుతున్నారు, చక్రాల కుర్చీలు వస్తున్నాయి, పోతున్నాయి. కోడలు తల వంచుకుని ఏడుస్తోంది. మామగారు రుమాలు ఆమె ఒళ్ళో పడేశారు. ఇప్పుడు ఆయన నోటికి ఏ అడ్డమూ లేదు.

"మామయ్యా, అది ఎప్పటినుంచి ఉందో మీకేమైనా గుర్తుందా?" అని అడిగింది. "శిబిరానికి ముందా, తర్వాతా?"



"ముందే. నాలుక్కి తగులుతూనే ఉండేది" అన్నారు. "ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. శిబిరంలో అయితే అందరినీ అడుగుతారు, నన్నూ అడుగుతావు, తప్పదు కాబట్టి తీస్తాను అనుకున్నాను. నువ్వు అడుగుతావనే వచ్చానమ్మా ఆ రోజు."