రంగు పోనివ్వని చేతులు

నేను ఒక ఎర్ర దీపాన్ని. దీపమంటే ప్రమిద, వత్తి, నూనె అనుకునేరు. అవేవీ లేవు నాకు. కొంగమెడలా వంగే ఒక కమ్మీ, దాని చివర పళ్లెమంత తల, తలనిండా గురివింద గింజలంత బల్బులు. నూట ఎనిమిది. లెక్క ఎలా తెలుసంటారా? నన్ను అతికిన ఆడవాళ్లు అష్టోత్తరం చదువుతున్నట్టు ఒక్కొక్కటే పైకి లెక్కపెడుతూ అతికారు. ఊరి చివర రేకుల షెడ్డు అది. అతుకుతూనే ఒకామె చంటిబిడ్డ దగ్గు గురించి చెప్పుకునేది, ఇంకొకామె "తులసాకు నూరి పొయ్యవే" అనేది. నేను కళ్లు తెరిచింది ఆ మాటల మధ్యే. బడి మొహం ఎరగను, విన్నదే నా చదువు. కానీ విన్నది ఏదీ మరిచిపోలేదు.

మొదట ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మొటిమల పిల్లలు వచ్చి నా కింద కళ్లు మూసుకుని పడుకునేవాళ్లు. వాళ్లలో సగంమందికి పెళ్లిచూపుల తేదీ ఖాయమయ్యాకే మొటిమలు గుర్తుకొచ్చేవి. నాలుగేళ్లకు ఆమె ఇంకా పెద్ద దీపం కొనుక్కుని, నన్ను ఒక ఆసుపత్రిలో కాలిపుండ్ల వార్డుకు ఇచ్చేసింది. నిజమైన పని అక్కడ మొదలైంది.

ఆ పని ఎలాగో చెబుతాను, వినండి. నీలిరంగు మందు ఒకటి ఉంటుంది. దాన్ని పుండుకు పూసి కాసేపు ఆగితే, లోపల చేరిన క్రిములకు అంటుకుంటుంది. అంటుకుని ఊరుకుంటుంది, అంతే. నేనొక్కదాన్నే వెలిగినా ఏమీ కాదు. మందు మీద నా వెలుగు పడిందా, అప్పుడు నిద్రలేస్తుంది. పక్కనున్న ప్రాణవాయువునే నిప్పు చేసి క్రిమిని కాల్చేస్తుంది. సూదులకూ మాత్రలకూ లొంగని మొండి క్రిములు కూడా దానికి లొంగుతాయి. అలా కాలుస్తూ కాలుస్తూ మందు తన రంగు తాను పోగొట్టుకుంటుంది. నీలం వెలిసిపోయిందంటే పని జరిగిందని గుర్తు.

ఈ చివరి ముక్క శరభయ్యగారి భార్యకు ఎవరూ చెప్పలేదు.

శరభయ్య చీరాల వైపు నేతగాడు. గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించి తొక్కుడు చెక్కలు తొక్కితేనే బట్ట నడుస్తుంది. చక్కెర జబ్బుతో పాదాల్లో స్పర్శ పోయింది. చెక్కకు లేచిన మేకు గుచ్చుకున్నా ఆయనకు తెలియలేదు. తెలిసేసరికి కుడి బొటనవేలి కింద రూపాయి బిళ్లంత గుంట, వాసన. ఆపరేషన్లు చేసే కోతల డాక్టరు చూసి, "మూడు వారాలు ఈ లైటు వైద్యం చేసి చూద్దాం. కొత్త కండ రాకపోతే మోకాలి కింద నుంచి తీసెయ్యాలి" అన్నాడు.

"కాలు లేకపోతే మగ్గం గుంటలో నన్ను పూడ్చుకోవాల్సిందే" అన్నాడు శరభయ్య.

"నోట్లో మంచి మాటే రాదు ఈయనకి" అంది భార్య చౌడమ్మ. చెయ్యి మాత్రం ఆయన మోకాలి మీదే ఉంది.

వారానికి మూడుసార్లు వచ్చేవాళ్లు. మందు పూసి, ఆయన కళ్లకు నల్ల అద్దాలు పెట్టి, నన్ను వంచి వెలిగించి, "కదలొద్దు, ఇరవై నిమిషాలు" అని తెర లాగేసి నర్సు వెళ్లిపోయేది. ఎంతమంది పుండ్లని చూస్తుంది పాపం. కదలొద్దని చెప్పారు గానీ, ఎందుకు వెలిగిస్తున్నారో చెప్పలేదు.

మొదటిరోజు చౌడమ్మ పాదాన్నే చూస్తూ కూర్చుంది. చూస్తుండగానే నీలం పలచబడింది. ఆవిడ మొహం మాడిపోయింది. నలభై ఏళ్లుగా నూలుకు రంగు అద్దిన చేతులవి. అద్దిన నూలును ఎండలో వేస్తే రంగు చస్తుంది, నీడన ఆరబెట్టాలి. అత్త నేర్పింది, ఆ అత్తకు వాళ్లత్త నేర్పింది. ఇంత మంచి మందు పూసి, తెలివితక్కువగా ఈ వెలుగులో పెట్టి పోగొడుతున్నారే అనుకుంది. పెద్దవాళ్లకు ఎదురు చెప్పడమెందుకని నోరు మెదపలేదు.

రెండోసారి నుంచి తెర పడగానే చౌడమ్మ తన భుజం మీది తుండుగుడ్డ మడతపెట్టి, పాదానికి తగలకుండా గొడుగులా రెండు చేతులతో ఎత్తి పట్టుకునేది. ఇరవై నిమిషాలూ. పెదవి కొరుక్కునేది గానీ చేతులు దించేది కాదు. నా వెలుగంతా ఆ గుడ్డ మీదే పడేది. నాకు నోరుంటేనా! నల్ల అద్దాల కింద శరభయ్యకు ఏమీ కనపడదు. అడుగుల చప్పుడు కాగానే గుడ్డ మళ్లీ భుజం మీదికి. నర్సు గబగబా కట్టు కట్టి పంపేసేది. అలా ఐదుసార్లు జరిగింది. పుండు ఇంకొంచెం వెడల్పయింది.

ఏడోసారీ గుడ్డ అడ్డం పట్టింది. ఇరవై నిమిషాలు అయ్యాక ఈసారి సువార్తమ్మ వచ్చింది. సెలవు నుంచి ఆ రోజే పనిలోకి దిగిన పెద్ద నర్సు. నన్ను ఆర్పి, పాదం కేసి వంగి చూసింది.

"ఇదేంది, ఇంకా ముదురు నీలంగానే ఉంది?"

చౌడమ్మ మొహం విప్పారింది. "నేను కాపాడా గదమ్మా! మీ లైటుకి రంగంతా పోతంటే గుడ్డ అడ్డం పెట్టా. ఒక్క చుక్క పోనిస్తే ఒట్టు."

సువార్తమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు.

"పిన్నీ, ఆ రంగు పోవాల. పోతేనే పురుగు సచ్చినట్టు."

తుండుగుడ్డ చౌడమ్మ ఒడిలోకి జారింది. "మరైతే... ఇన్నాళ్లూ... నా చేతుల్తో నేనే..."

శరభయ్య నల్ల అద్దాలు తీశాడు. "ఏమేవ్, ఇరవై నిమిషాలు చేతులెత్తి నిలబడ్డావంటనే? నలభై ఏళ్లలో నాకు ఒక్కనాడన్నా దణ్ణం పెట్టావా అట్టా?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు నిజానికి.

మిగిలింది వారమే. సువార్తమ్మ డాక్టరుతో మాట్లాడి రోజూ రమ్మంది. ఆ వారం నేను వెలిగినట్టు మునుపెప్పుడూ వెలగలేదు. చౌడమ్మ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది, లేకపోతే అవే లేచొస్తాయని. నీలం వెలిసిపోతుంటే చూసేది. నలభై ఏళ్లుగా కూడదనుకున్నదాన్ని జరగనివ్వడం ఎంత కష్టమో ఆ కళ్లలో చూశాను.

సోమవారం కోతల డాక్టరు వచ్చాడు. చాలాసేపు చూశాడు. "అంచుల్లో ఎర్ర కండ వచ్చింది. బొటనవేలు మాత్రం ఆలస్యమైపోయింది, తియ్యాలి. పాదం ఉంటుంది" అన్నాడు.

"మిగతా నాలుగు వేళ్లు చాల్లే అయ్యా తొక్కటానికి" అన్నాడు శరభయ్య. చౌడమ్మ మాత్రం ఆ వేలిని పట్టుకుని, పసిబిడ్డ వేలు పట్టుకున్నట్టు, ఆయన్ని ఆపరేషను గదిలోకి రమ్మనేదాకా వదల్లేదు.

తరువాత కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఆవిడ తెర అవతలి బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లను వదిలేది కాదు. "రంగు పోతంటే బయపడబాకండమ్మా, పోనియ్యండి. నేను ఆపి, మా ఆయన వేలు పోగొట్టా" అనేది. సిగ్గుపడకుండా, దాచకుండా, ప్రతి కొత్త మొహానికీ మొదటినుంచి చెప్పేది. అంతమంది చదువుకున్నవాళ్లు చెప్పని మాట ఆవిడ చెప్పింది.

నా బల్బుల్లో ఇప్పుడు సగం వెలగవు. నన్ను సామాన్ల గదిలో పెట్టారు. ఎదుటి గోడకు పెట్టుడుకాళ్లు వరసగా ఆనించి ఉన్నాయి. ఒక్కోదానికి, అది ఎవరి కోసమో పేరు రాసిన చీటీ కట్టి ఉంది. దుమ్ము దులపడానికి వచ్చినప్పుడల్లా ఆయమ్మ కిటికీ వెలుతుర్లో ఆ పేర్లు పైకి చదువుతుంది, నేను వింటాను. ఎన్నో పేర్లు. శరభయ్య పేరు లేదు.