నఫీజే వంటింటి కింద నీళ్ళు

నాలుగు పంపులు. నాలుగూ ఆగకుండా దగ్గుతున్నాయి.

మినీబస్సు దిగి మలుపు తిరగకముందే రుజ్దీకి ఆ చప్పుడు వినిపించింది. వెంటనే వాసన. తడిమట్టి వాసన... ఎండ మొహం ఎరగని లోతుమట్టిది.

తిరానా నగరం మళ్ళీ మారింది.

పోయిన వసంతంలో మంగలికొట్టు ఉన్నచోట అద్దాల మేడ. మేడ వెనక మేడ. వాటి సందులో, చించిన కాగితంలా, దాయ్తి కొండ.

రుజ్దీకి డెబ్బై నాలుగు. పెచిన్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఈ సందులో అందరికంటే ముందు ఇల్లు అమ్ముకున్నది అతనే. అతని వెనక ఒక్కొక్కరూ అమ్ముకున్నారు. పదకొండు ఇళ్ళు.

నఫీజే ఒక్కతే అమ్మలేదు.

పదకొండు ఇళ్ళ చోటా ఇప్పుడు ఒకటే గొయ్యి, కొత్త మేడ పునాదికి. గొయ్యి అడుగున నీళ్ళు — ఎంత తోడినా మళ్ళీ అంతే. తోడేకొద్దీ నీళ్ళతో ఇసుక కూడా వస్తోంది. గొయ్యి అంచున ఉన్న నఫీజే ఇంటి కింది ఇసుక. గోడ వేలు దూరేంత బీటలు వారింది. ఇలాగే సాగితే నెలాఖరుకి ఆమె ఇల్లు ఖాళీ చెయ్యాలి.

అందుకే ఆ పని చూస్తున్న ఇంజనీరు ఎల్వానా ఫోను చేసింది.

“బాబాయ్, ఇక్కడ బావి తవ్వింది మీరేనట. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో ఒక్కసారి చూపించండి. సాయంత్రం బస్సుకి పంపించేస్తాం.”

ఎటునుంచి వస్తున్నాయో అతనికి తెలుసు. ఎందుకు వస్తున్నాయో కూడా.

ఎల్వానాని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి నఫీజే గుమ్మంలోనే ఉంది. ఎనభై దాటినా నిటారుగా.

“అదిగో, అందరికీ దారి చూపించిన పెద్దమనిషి!”

కాఫీ తెచ్చింది. ఒక్క కప్పు. ఎల్వానా ముందు పెట్టింది.

రుజ్దీ తన చేతులు చూసుకున్నాడు. పొద్దుట బస్సెక్కినప్పటినుంచీ మాటలు పేర్చుకుంటూ వచ్చాడు.

“నఫీజే అక్కా... ఎనభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం గుర్తుందా?”

సందు కింద ఇటుకల కాలువ ఉండేది. పాతకాలపుది. కొండవైపు ఊటని లానా ఏటికి మోసుకుపోయేది. ఆ ఎండాకాలం అతని బావి ఎండింది. ఒక రాత్రి నఫీజే పెరటి మూల తవ్వి, కాలువకి అడ్డంగా బండ దించాడు. ఊట అతని బావికి మళ్ళింది. రెండేళ్ళకి ఆ మూలనే నఫీజే వంటిల్లు కట్టుకుంది. రుజ్దీ చూశాడు. చెప్పలేదు.

ఇప్పుడు బావి లేదు. గొయ్యి మింగింది. ఊట ఇప్పుడు గొయ్యిలోకే. బండ మాత్రం అక్కడే ఉంది. అంతా చెప్పేశాడు.

పంపులు దగ్గుతున్నాయి.

“ఆ ఏడు నా మిరపమొక్కలన్నీ మాడిపోయాయి,” అంది నఫీజే.

“తెలుసక్కా.”

“నీ పెరట్లో వంకాయలు కాశాయి.”

“నీకూ పంపించాను...”

“తిన్నాను కూడా, సిగ్గులేనిదాన్ని!”

ఎల్వానా కప్పు కింద పెట్టేసింది. బండ తియ్యాలంటే వంటింటి నేల పగలగొట్టాలి. ఆ మాట ఎలా అడగాలో ఆ పిల్లకి తెలియలేదు.

నఫీజే అప్పటికే గిన్నెలు సర్దుతోంది. ఒకటి, ఇంకొకటి... బల్ల మీదనుంచి మంచం మీదికి.

“ఆ పనివాళ్ళు కాదు. నువ్వే పగలగొట్టు.”

పగలగొట్టాడు.

గునపం బరువు. భుజం పాతది. పలక తర్వాత పలక. పలకల కింద ఇసుక, ఇసుక కింద ఇటుక. మధ్యాహ్నానికి బండ అంచు తగిలింది. ఇద్దరు పనివాళ్ళు తాళ్ళు వేసి లాగారు.

మొదట ఏమీ లేదు.

తర్వాత — నేల గొంతు సవరించుకున్నట్టు. తర్వాత నీళ్ళు. నల్లగా, చల్లగా, పాతదారిన.

నాలుగు కొట్టేసరికి గొయ్యిలో నీళ్ళు మోకాలి కిందికి దిగాయి. ఒక పంపు ఆపారు. ఇంకొకటి. నాలుగూ.

ఎల్వానా బీట మీద అడ్డంగా సన్నని గాజుముక్క అతికించింది. పక్కన పెన్సిలుతో తారీఖు రాసింది. “గోడ ఇంకా కదిలితే ఇది పగులుతుందమ్మా. సోమవారం దాకా చూద్దాం.”

నఫీజే కుర్చీ లాక్కుని గాజుకి ఎదురుగా కూర్చుంది.

“ఈ నేల ఎవరు పూడుస్తారు?”

“సోమవారం వస్తానక్కా.”

“ఇల్లు అమ్మిననాడూ వస్తూపోతూ ఉంటానన్నావు.”

రుజ్దీ కాళ్ళనిండా బురద.

“పగిలితే... వినిపిస్తుందా?” అంది, గాజు మీదనుంచి చూపు తిప్పకుండా.

“వినిపిస్తుంది. పటికబెల్లం కొరికినంత.”

“సరే, ఫో. బస్సు పోతుంది.”

డ్రైవరు అతని ప్యాంటు చూసి సీటు మీద పేపరు పరిచాడు. బస్సు కదిలింది. క్రేన్లు... మేడలు... అద్దాల్లో ఎర్రబడుతున్న ఎండ. రేడియోలో పెళ్ళిపాట హోరెత్తుతోంది.

“నాయనా, ఆ పాట కాస్త తగ్గించు.”

“ఏం తాతా, తలనొప్పా?”

“కాదు,” అన్నాడు రుజ్దీ.

డ్రైవరు తగ్గించాడు.

“ఇంకా... ఇంకొంచెం,” అన్నాడు రుజ్దీ, గాజు పగిలే చప్పుడుకి చెవి ఒగ్గినట్టు.