ప్రత్యర్థి వైపు మొగ్గు

పత్రిక ఆఫీసు గోడ మీది తెరలో నియోజకవర్గాలన్నీ మూడు రకాలుగా కనిపిస్తాయి. గెలుపు ఖాయమైనవి ముదురు రంగులో, ఒకరి వైపు మొగ్గినవి లేత రంగులో, నువ్వా నేనా అన్నట్టున్నవి బూడిద రంగులో. అధ్యక్ష పోటీని అతని పైఅధికారి పెద్దాయన చూసుకుంటాడు. శాసనసభ సీట్లకు రంగు వేసే పని అతనిది. ఆ పత్రిక వేసే రంగుల్ని బట్టే పార్టీలు ఎక్కడ సభ పెట్టాలో, ఎక్కడ ఆశ వదులుకోవాలో తేల్చుకుంటాయి.

రేవు సీటు దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగింది. అక్కడ పోటీ చేస్తున్నది అతని అక్క.

"నన్ను చూడమంటావా?" అన్నాడు పెద్దాయన, తల తిప్పకుండానే.

"వద్దు సార్. నాకేం ఇబ్బంది లేదు."

సర్వేల సగటులో అక్క ఒక్క శాతం వెనకబడి ఉంది. అంత తేడాకి అతను ఎప్పుడూ బూడిద రంగే వేస్తాడు. పక్కనున్న కొండ సీటుకి ఇందాకే వేశాడు. కానీ ఇప్పుడు వేలు అటు వెళ్ళగానే లోపల ఎవరో నవ్వారు. అక్క కదా మరి, అన్నారు. సర్వేలు మళ్ళీ చదివాడు. ఆమెకు అనుకూలంగా ఉన్న అంకెను అనుమానించాడు. వ్యతిరేకంగా ఉన్నదాని జోలికి పోలేదు. "ప్రత్యర్థి వైపు మొగ్గు" అన్నచోట నొక్కాడు. జ్వరం దిగినట్టు ఒళ్ళు తేలికైంది.

"రక్తసంబంధం కూడా అడ్డు రాలేదయ్యా నీకు," అన్నాడు పెద్దాయన. ఆ మాటను అతను చాలాసేపు లోలోపల చప్పరించాడు.

మర్నాడు మధ్యాహ్నం అక్క రమ్మని ఫోన్ చేసింది. ఆమె ప్రచార కార్యాలయం ముందు ఇద్దరు మనుషులు కుర్చీల్ని వ్యానులోకి ఎక్కిస్తున్నారు. లోపల అక్క కరపత్రాల కట్ట మీద కూర్చుని ఉంది. రాజకీయాల్లోకి రాకముందు ఆమె పళ్ళ డాక్టరు.

"రారా, జోస్యుడా. కూర్చోమందామంటే కుర్చీల్లేవు. కొండ సీటుకి పట్టుకెళ్తున్నారు."

"ఎందుకు?"

"రేపు మా అధ్యక్ష అభ్యర్థి సభ ఇక్కడ కదా, అక్కడికి మార్చేశారు. నేను గెలవనని మీ పత్రిక చెప్పిందట. నా ముందు నోరు తెరవని మనిషి లేడురా ఇన్నేళ్ళలో. పొద్దున్నించి మా పార్టీలో ఒక్కడూ నోరు విప్పట్లేదు."

"అంకెలు అలా ఉన్నాయక్కా."

"ఉండనీ. కొండ సీటులో మావాడు ఎంత వెనకున్నాడు?"

"ఒక శాతం."

"నేను?"

అతను వ్యాను వైపు చూశాడు. "ఒకటే."

"వాడికి తమ్ముడు లేడు కాబోలు," అంది అక్క.

ఆమె అరిచి ఉంటే అతనికి నయంగా ఉండేది. ఇన్ని వారాలూ తన మనసు ఆమె వైపు ఒరుగుతుందేమోనని కాపలా కాశాడు. అవతలి వైపు ఒరగడాన్ని నిటారుగా నిలబడటం అనుకున్నాడు. అందులో ఎంత సుఖపడ్డాడో తలుచుకుంటే సిగ్గేసింది.

అక్కడే నిలబడి పెద్దాయనకు ఫోన్ చేసి, రంగు మార్చాలన్నాడు.

"ఇప్పుడా? అక్క ఏడ్చింది, తమ్ముడు కరిగాడు అంటారు. పైగా కారణం ఏం రాస్తావ్?"

"జరిగిందే."

"అది రాస్తే నువ్వు వేసిన మిగతా సీట్లని ఎవడు నమ్ముతాడయ్యా? రేపట్నించి నీకు ఈ పని ఉంటుందా?"

ఫోన్ పెట్టేసి సంచిలోంచి కంప్యూటరు తీశాడు. అక్క దాని మూత మీద చెయ్యి వేసింది.

"నా కోసమైతే వద్దు."

"నీ కోసం కాదు." అన్నాడే గానీ, అది నిజమో కాదో అతనికే తెలియలేదు. తెలియలేదన్న సంగతి అక్క అతని ముఖంలో చదివేసింది.

"సరే, రాయి. కానీ నా ఆఫీసులో కూర్చుని రాయకు. ఫో."

అతను వీధి దాటి, మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. వ్యాను కదిలి వెళ్ళిపోయింది. కంప్యూటరును ఒళ్ళో పెట్టుకుని మొదటి వాక్యం రాశాడు: రేవు సీటులో పోటీ చేస్తున్నది మా అక్క.