వేణ్ణీళ్ల రొట్టె

రెడ్డెమ్మ పిండిముద్దను టపటపా తట్టి, తడిచేత్తో పల్చన చేసి, కాగిన పెనం మీద పరిచింది. పెరటిగోడ అవతల వరస అప్పుడే మొదలైంది.

కువైట్ మీద ఇరాకీ సైన్యం వచ్చిపడ్డాక అర్దియా పేటలో రొట్టెల భట్టీ మూతపడింది. దాంతో తాను పనిచేసే ఇంటి పెరట్లోనే రెడ్డెమ్మ పొయ్యి పెట్టింది. మొదటిరోజు ఊరి అలవాటు కొద్దీ, జొన్నపిండికి పోసినట్టే గోధుమపిండికీ మరిగేనీళ్లు పోసేసింది. నాలుక కరుచుకుంది గానీ, పిండి పారబోసే రోజులా అవి? తీరా చూస్తే రొట్టె దూదిలా వచ్చింది. వీధంతా ఎగబడింది. కువైటీలు, ఈజిప్టు పంతులు, బెంగాలీ తోటమాలి, ఫిలిప్పీన్స్ నర్సు, ఎవరి భాషలో వాళ్లు ఇంకొకటి అడిగేవారు. రెడ్డెమ్మ అందరికీ తెలుగులోనే జవాబు చెప్పేది. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

పరాయి దేశాలవాళ్లంతా ఒక్కొక్కరే సరిహద్దు దాటే బస్సెక్కేశారు. ఇప్పుడు వరసలో కువైటీలే మిగిలారు. ఇవాళ రెడ్డెమ్మ వంతు. రాయచోటిలో పిల్లలు ఎదురుచూస్తున్నారు. వెళ్లాలనే ఉంది. కానీ మామాకు, అంటే ఆ ఇంటి యజమానురాలికి, టీ కాచుకోవడం కూడా రాదు. ఆమె నేర్చుకోకపోతే రేపటినుంచి ఈ వీధికి రొట్టె లేదు.

"సన్నీళ్లు గాదు మామా, కాగినేటివి పొయ్యి! ఎన్నితూర్లు సెప్పల్ల నీకు?"

ఇన్నేళ్లూ కేకలేసింది మామా, పడింది రెడ్డెమ్మ. ఇవాళ అది తిరగబడింది. ఇద్దరికీ సరదాగానే ఉంది.

మామా తట్టిన రొట్టె నాలుగువైపులా సాగి నడుమ చిరిగింది. గోడమీంచి తొంగిచూసిన ముసలాయన, రెడ్డెమ్మను మాత్రం పంపొద్దని మొత్తుకున్నాడు. మామా పిండిచేయి ఎత్తి బెదిరించింది. వరసంతా నవ్వింది. ఆ తర్వాతి రొట్టె గుండ్రంగా, చిరగకుండా వచ్చింది. రెడ్డెమ్మ గుండె కుదుటపడింది.

రెడ్డెమ్మే ఇంకొకటి తట్టి పెనం మీద వేస్తుండగా కారు వచ్చి ఆగింది. డ్రైవర్ అల్లాబకష్ కడపవాడే.

"అక్కా, మిర్కాబులో బస్సు మనకోసరం నిలబడదు. బిరీన రా."

మామా లోపలికెళ్లి రెడ్డెమ్మ పాస్‌పోర్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. పిండిచేతులతోనే కావలించుకుంది.

"యల్లా" అంది, ఇక బయల్దేరమని. రెడ్డెమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. పెనం వైపు చూసింది.

"దాన్ని తిరగెయ్ మామా, మాడిపోతాది."

కారు మలుపు తిరిగేదాకా మామా వాకిట్లోనే నిలబడిపోయింది. తర్వాత పొద్దుగూకేదాకా రొట్టెలు కాల్చి పంచుతూనే ఉంది. ఒక్కటి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అడుగు నల్లగా మాడి, పైన రెడ్డెమ్మ అయిదువేళ్ల అచ్చుతో అది పళ్లెంలో అలాగే ఉండిపోయింది.